అవ్వ రాసిన సైకాలజీ పరీక్ష

మొదటి రోజు క్లాసులో మా మాస్టారు బోర్డు మీద ఇంగ్లీషులో ఒక పొడవాటి మాట రాసి, మావైపు తిరిగి, "ప్సికాలజీ" అన్నారు.

వెనక బెంచీలోంచి ఎవరో "సైకాలజీ అండీ" అని అందించారు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని బోర్డు వంక చూశారు. "మరి ఈ మొదటి అక్షరం?"

"అది పలకదండీ."

"పలకనప్పుడు రాయడం ఎందుకు?"

ఫ్రెంచిలో ఆ 'ప' పలుకుతుంది. ఆయన జీవితమంతా ఫ్రెంచిలోనే పాఠాలు చెప్పిన మనిషి. కాసేపు చాక్‌పీసు చేతిలో తిప్పుతూ ఆలోచించి, "సరే. అక్కడ ఉంటుంది గానీ బయటికి వినిపించదు. మనసు గురించి చదివే శాస్త్రానికి ఇంతకంటే మంచి మొదటి పాఠం నేను చెప్పలేను" అన్నారు. మేమందరం విరగబడి నవ్వాం. ఆయనా మాతో పాటు నవ్వారు. నాకు ఆ చదువు మీద ప్రేమ పుట్టింది అప్పుడే.

అవి బదిలీ రోజులు. ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిని మన దేశానికి అప్పగించేశారు, కాగితాల మీద మాత్రం ఇంకా పూర్తిగా అప్పగించలేదు. ఊళ్ళో ఎవరిని చూసినా ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళే. యానాంలో ఒక కచ్చేరీలో గుమాస్తాగా ఉన్న మా నాన్నని ఇక్కడికి మార్చారు. తమ్ముళ్ళ బడి అయ్యేదాకా అమ్మ యానాంలోనే ఉండిపోయింది. నన్ను మాత్రం నాన్న వెంట తెచ్చుకున్నారు. వంట కోసమని అమ్మ అనుకుంది, చదువు కోసమని నాన్న అనుకున్నారు, నేను మాత్రం ఇల్లు కదిలితే చాలనుకుని రైలెక్కాను. వచ్చిన నెలకే కొత్త బళ్ళకి పంతుళ్ళు కావాలని ఒక ఏడాది శిక్షణ తరగతి మొదలుపెట్టారు. అందులో చేరాను. మాస్టారిని అందరూ ఫ్రెంచివాళ్ళలా 'ముస్యే', అంటే 'అయ్యా' అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో మాకంటే సరిగ్గా ఒక్క పాఠం ముందుండేవారు. ఆ సంగతి దాచుకునేవారు కూడా కాదు.

మేము అద్దెకున్నది నెల్లితోపులో, ఒక పెద్దావిడ ఇంట్లో వెనక భాగం. ఆవిడ పూర్వీకులు ఎప్పుడో తెలుగుదేశం నుంచి వచ్చి ధాన్యం వ్యాపారంలో స్థిరపడ్డారు. రెడ్డియార్‌పాళయంలో కొట్టు ఉండేది. మధ్యాహ్నం భోజనం చేసి, టౌను బస్సెక్కి, తనే వెళ్ళి కూర్చునేది. తెలుగు గలగలా మాట్లాడేది గానీ తెలుగు అక్షరం ఎలా ఉంటుందో తెలియదు. మొదటి రోజు నేను మర్యాదగా "మామ్మగారూ" అన్నాను.

"మామ్మా? అదేంది, మామకి పెండ్లామా?" అని ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అవ్వ అను పాపా. నోటికి సుళువు."

అలా అవ్వ అయింది.

ముస్యే పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. మనసు గురించి పండితులు వర్గాలుగా విడిపోయి వాదించుకున్నారు కదా, ఆయన ఒక్కో వర్గాన్నీ రెండేసి వారాలు చెప్పేవారు. ఆ రెండు వారాలూ లోకంలో అదొక్కటే సత్యమని మాచేత నమ్మించేవారు. ఆ తర్వాతి సోమవారం చేతులు దులుపుకుంటూ వచ్చి, "ఇప్పుడు ఇందులో తప్పేమిటో చూద్దామా?" అనేవారు. మిగతావాళ్ళు పరీక్ష కోసం నోట్సు రాసుకునేవాళ్ళు. నేను మాత్రం ప్రతి వర్గంలోనూ మనస్ఫూర్తిగా చేరిపోయేదాన్ని.

మొదటివాళ్ళు అంతఃపరిశీలనవాళ్ళు. మనసుని తెలుసుకోవాలంటే ఎవరి లోపలికి వాళ్ళే తొంగి చూసుకోవాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. మర్నాడు పొద్దున్న నేను ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

"ఏంటమ్మా, పన్ను నొప్పా?" అన్నారు నాన్న.

"ఉండండి నాన్నా. రుచి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూస్తున్నాను."

నాన్న తన కంచంలో ఇడ్లీని కాసేపు అనుమానంగా చూసుకుని, సాంబారు చల్లారుతోందని గుర్తుచేసి, ఆఫీసుకి వెళ్ళిపోయారు. రుచి దాకా బాగానే ఉంది. చిక్కు కోపం దగ్గర వచ్చింది. ఒకరోజు నా పుస్తకం మీద నాన్న కాఫీ గ్లాసు పెడితే ఒళ్ళు మండిపోయింది. ఇదే అదను అనుకుని, ఆ కోపం లోపల ఎలా ఉందో రాసుకుందామని పెన్సిలు కోసం పరిగెత్తాను. పెన్సిలు దొరికేసరికి కోపం లేదు. ఎంత వెతికినా లేదు. పైగా నవ్వొస్తోంది. క్లాసులో చెప్తే ముస్యే బల్ల మీద చరిచారు. "అదీ! ఆ వర్గానికి తగిలిన దెబ్బ సరిగ్గా అక్కడే. దీపం పట్టుకుని చీకటి ఎలా ఉందో చూడటానికి వెళ్ళావు నువ్వు."

తర్వాతివాళ్ళు ప్రవర్తనవాదులు. లోపల ఏముందో ఎవరిక్కావాలి? మనసు తాళం వేసిన గది అనుకోండి. లోపలికి ఏం వెళ్ళింది, బయటికి ఏం వచ్చింది, అంతే. గంట కొట్టి అన్నం పెట్టీ పెట్టీ, చివరికి ఉత్త గంటకే కుక్క నోట్లో నీళ్ళూరేలా చేసిన రష్యా ప్రయోగం ఆయన చెప్తుంటే నాకు కూర్చున్నచోట కాళ్ళు ఆగలేదు. ఎందుకంటే కుక్క లేకపోయినా మా పెరట్లో పిల్లి ఉంది. గంట కూడా ఉంది. వైతికుప్పం జాలరిపేట నుంచి రోజూ పొద్దున్న బుట్టతో వచ్చే చేపలావిడ కేక: "మీనోయ్ మీనూ!" ఆ కేక వినపడగానే పిల్లి ఎక్కడున్నా గోడ దూకి వచ్చేది.

అదృష్టం కొద్దీ ఆ వారం ఆవిడ బంధువుల పెళ్ళికని రావడం మానేసింది. నేను బావి గట్టు చాటున కూర్చుని, గొంతు బొంగురు చేసి, "మీనోయ్ మీనూ!" అని అరిచాను. పిల్లి ఒక్క దూకు దూకింది. దాని వెనకే చేతిలో గిన్నెతో అవ్వ కూడా వచ్చింది.

ఇద్దరూ వీధి గుమ్మం దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి, తిరిగొచ్చారు. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. రెండో రోజు కూడా ఇద్దరూ వచ్చారు. మూడో రోజు పిల్లి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది, అవ్వ లోపల్నించే "యాడికి పోతాదో ఏమో ఆ మీన్లామె" అని గొణిగింది. అయిదో రోజుకి పిల్లి ఒక కన్ను తెరిచి మూసింది. అవ్వ అదీ లేదు. గంట కొట్టి అన్నం పెట్టకపోతే అలవాటు ఆరిపోతుందని ముస్యే చెప్పింది చెప్పినట్టు జరిగింది. నాకు గాల్లో తేలినట్టుంది. నోట్సులో తేదీల వారీగా రాసుకున్నాను.

ఎనిమిదో రోజు నిజంగా చేపలావిడ వచ్చింది. గుమ్మం ముందు నిలబడి గొంతు చించుకుంది. పిల్లి కదల్లేదు. అవ్వ కదల్లేదు. నేను క్లాసులో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి అవ్వ పెరట్లో నిలబడి గాలి వాసన చూస్తోంది.

"ఏంది పాపా, మీన్లామె వచ్చినాదంట గదా? పక్కింట్లో వంజరం ఏగతా ఉండాది."

ఇక దాచలేకపోయాను. రష్యా కుక్క దగ్గర్నుంచి బావి గట్టు దాకా మొత్తం చెప్పేశాను. అవ్వ కదలకుండా విన్నది.

"పిల్లిని మోసం చేసినావు, సరి. నన్నెందుకు కలిపినావు దాంట్లో?"

"మిమ్మల్ని నేను కలపలేదవ్వా. మీరే వచ్చారు."

అవ్వ మొహం ఒక్క క్షణం బిగుసుకుంది. అంతలోనే బట్టలుతికే బండ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అంటే ఆ రష్యా కుక్కా, మా పిల్లీ, నేనూ, ముగ్గురమూ ఒకే కిలాసు!" అని పమిటతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. కానీ అవ్వ ఊరుకునే మనిషి కాదు. ఆ తర్వాత పొద్దున్నే నా కిటికీ దగ్గర కాఫీ గ్లాసు టంగుమని మోగేది. నేను లేచి కూర్చుని తాగేదాన్ని. కొన్నాళ్ళకి గ్లాసులో కాఫీ రావడం మానేసింది. అయినా మూడు రోజులు ఉత్త గ్లాసు మోతకే లేచి కూర్చున్నాను.

"ఎట్లుండాది?" అంది అవ్వ.

జర్మనీవాళ్ళ వర్గం వచ్చినప్పుడు మరో పిచ్చి. ముక్కలు కలిస్తే మొత్తం కాదు, మనకి ముందు మొత్తమే కనపడుతుంది, ముక్కలు తర్వాత అంటారు వాళ్ళు. సాయంత్రం వీధి చివర బస్సు దిగి వస్తున్న నాన్నని మొహం కనపడకముందే, చొక్కా రంగు తెలియకముందే, నడక ఊపుని బట్టి పోల్చేశాను. పరిగెత్తుకెళ్ళి, "నాన్నా, మీరు ముక్కలు కాదు, మొత్తం!" అన్నాను. "సంతోషం తల్లీ, కూరగాయల సంచి పట్టుకో" అన్నారు ఆయన.

ఆ తర్వాత కలలు. మనకి తెలియని కోరికలు లోపల అణిగి ఉండి కలల్లో వేషం మార్చుకుని వస్తాయని వియన్నా డాక్టరు ఒకాయన చెప్పాడట. మర్నాడే నాన్నని పట్టుకున్నాను. ఆయన మొహమాటపడుతూనే చెప్పారు. "ఆఫీసులో పెద్దాయన ఇంగ్లీషులో ఏదో అడుగుతాడమ్మా. నేను నోరు తెరుస్తాను. నోట్లోంచి పావురాలు వస్తాయి. ఫైళ్ళన్నీ పాడు చేస్తాయి."

"పావురాలంటే స్వేచ్ఛ నాన్నా. మీలో ఏదో పెద్ద కోరిక అణిగి ఉంది" అన్నాను, నాకంతా తెలిసినట్టు.

నాన్న తల అడ్డంగా ఊపారు. "కోరిక కాదే. భయం. వచ్చే నెల ఇంగ్లీషులో శాఖ పరీక్ష రాయాలి. ఇన్నేళ్ళూ ఫ్రెంచిలో ఉత్తరాలు రాసి శభాష్ అనిపించుకున్న చెయ్యి ఇది. ఇప్పుడు ఒక్క వాక్యం రావట్లేదు."

నాన్నకి భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. కలకి అర్థం చెప్పే పుస్తకం మూసేసి, ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాను. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నాం. ఆఫీసు ఉత్తరం చివర రాసే 'యువర్ ఒబీడియంట్ సర్వెంట్'ని ఆయన పైకి చదివితే, వరండాలోంచి అవ్వ అచ్చం అలాగే తిరిగి అనేది. ఆ మాట ఆవిడకి భలే నచ్చింది. పిల్లిని కూడా అలాగే పిలిచేది.

ఏడాది చివర ప్రయోగ పరీక్ష వచ్చింది. ఒక్కొక్కరూ ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి, ఆ మనిషి మీద ప్రయోగం చేసి చూపించాలి. అంతకుముందే ఇంటి దగ్గర అదే మనిషితో పదిసార్లు చేయించి, రికార్డు పుస్తకంలో రాసి తేవాలి. నాకొచ్చింది అద్దం ప్రయోగం. బల్ల మీద అద్దం నిలబెడతారు. దాని ముందు కాగితం, కాగితం మీద జంట గీతలతో అచ్చువేసిన ఆరు కోణాల నక్షత్రం. చేతికి పైన అట్ట అడ్డం. చెయ్యి నేరుగా కనపడదు, అద్దంలో చూస్తూ ఆ జంట గీతల మధ్య నుంచి పెన్సిలు నడపాలి. గీత తాకితే ఒక తప్పు. అద్దంలో ముందుది వెనక, వెనకది ముందు అవుతుంది కాబట్టి ఎంత తెలివైనవాళ్ళకైనా మొదట చెయ్యి మొండికేస్తుంది. చేయగా చేయగా తప్పులు కొన్ని కొన్ని తగ్గుతాయి. ఆ తగ్గుదలని గ్రాఫు గీస్తే గుట్ట వాలులా మెల్లగా దిగాలి. మనిషి ఎలా నేర్చుకుంటాడో ఆ వాలు చెప్తుందని పుస్తకం.

అవ్వని అడిగితే ఎగిరి గంతేసింది. స్నానాల గదిలో అద్దం తెచ్చి బల్ల మీద పెట్టాను. మొదటిసారి పెన్సిలు ఒక మూలలో చిక్కుకుని గిలగిల్లాడింది. "చూడు పాపా, నా చెయ్యి నా మాటే వినేది లేదు!" అని అవ్వ పకపకా నవ్వింది. నలభై దాకా తప్పులు. బాగుంది, సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

రెండోసారి అవ్వ నక్షత్రం మొదటి మూల ఎక్కడుందో పెన్సిలుతో తడిమి చూసుకుంది. కళ్ళు మూసుకుంది. సర్రున ఆరు కోణాలూ తిప్పి పెన్సిలు కింద పెట్టింది. రెండు తప్పులు.

"కళ్ళు తెరవండవ్వా! అద్దంలో చూడాలి!"

"చూస్తే ఆ అద్దం అబద్ధం చెప్తాది. తెల్లారకముందే, మొగం గూడా కనపడని చీకట్లో దినమూ కోలం ఏస్తా ఉండా, నా పెండ్లి అయిన కాణ్ణించి. చేతికి తెలిసినదాన్ని కన్నెందుకు చెడగొట్టేది?" మనం ముగ్గు అనేదాన్ని ఆవిడ కోలం అంటుంది.

మూడోసారి ఒక తప్పు. నాలుగోసారి రెండు. నా గ్రాఫులో వాలు లేదు. మొదట ఒక శిఖరం, పక్కనే బావి, తర్వాత నేల మీద పాకే గీత. ఇది చూపిస్తే తప్పడం ఖాయమనుకున్నాను. నా పక్క బెంచీ అమ్మాయి ప్రయోగం చేయకుండానే రికార్డు రాసేసింది. అంకెలు ముద్దుగా, వరసగా మెట్లు దిగుతున్నాయి. "నాది చూసి రాసుకో, ఒకటీ అరా మార్చు చాలు" అంది. నేను రాసుకున్నాను. వాలు ఎంత అందంగా వచ్చిందంటే, రంగు పెన్సిలుతో దిద్దాను కూడా.

పరీక్ష రోజు అవ్వ పెళ్ళికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టుకుని వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, పొడుగ్గా, మొహంలో నవ్వన్నది లేకుండా ఉన్నాడు. ముస్యే గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అవ్వ అద్దం ముందు కూర్చుంది. నేను కళ్ళతో బతిమాలాను, కాస్త తప్పుగా గీయమని. ఆవిడ నా చూపుని ధైర్యం చెప్పడం అనుకుంది. మొదటి మూల తడిమి, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపులో గీసేసింది.

ఆయన కాగితం చూశాడు. ఒక తప్పు. నా రికార్డు తీశాడు. పదోసారికి కూడా పద్దెనిమిది తప్పులు. కాగితం, రికార్డు, అవ్వ, మళ్ళీ కాగితం చూసి ఇంగ్లీషులో అడిగాడు: "ఈ రికార్డులో ఉన్నావిడ ఈవిడేనా?"

తల వంచుకుని, కాపీ కొట్టానని చెప్పేశాను.

అవ్వకి ఇంగ్లీషు రాకపోయినా నా మొహం చదవడం వచ్చు. లేచి నిలబడింది. "ఏంది నాయనా, పిల్లని ఏడిపిస్తా ఉండావు? కండ్లు మూసింది నేను. తప్పుంటే నాకు తగ్గించు మార్కులు."

ఆయన తలెత్తాడు. "మీది తెలుగా అమ్మా?" అన్నాడు, చక్కటి తెలుగులో. ఆయనదీ తెలుగే.

ఇక అవ్వ ఆగలేదు. చీకట్లో కోలం సంగతి, స్నానాల గది అద్దం సంగతి, రష్యా కుక్క, మా పిల్లి, చేపలావిడ, అన్నీ చెప్పేసింది. ఆయన మొహంలో ఒక పక్క కదిలింది, తర్వాత రెండో పక్క. కుర్చీ లాక్కుని అద్దం ముందు తనే కూర్చున్నాడు. మొదటి మూల దాటకుండానే పెన్సిలు ఎదురు తిరిగింది. "అటు కాదు నాయనా, ఇటు" అని అవ్వ. "ఇటే అమ్మా, వెళ్ళట్లేదు!" అని ఆయన. ముస్యే కూడా ఆగలేక వచ్చి తనూ ప్రయత్నించారు. ఆయన నక్షత్రం నలిగిన తామరాకులా వచ్చింది. బయట వరుసలో నిలబడ్డవాళ్ళు కిటికీలోంచి తలలు పెట్టి చూశారు. లోపల పరీక్షకుడూ, మాస్టారూ, ఒక పట్టుచీర ముసలావిడా కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. అభ్యర్థిని అయిన నేను మాత్రం ఏడుపు మొహంతో నిలబడి ఉన్నాను.

నవ్వు ఆగాక ఆయన నా కాపీ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాడు. "దీనికి మార్కులు లేవు. ఇప్పుడు ఇక్కడే, పదిసార్లు చేయించి నిజం రాయి. తర్వాత చెప్పు, ఇది ఇలా ఎందుకు వచ్చిందో."

రాశాను. చెప్పాను కూడా, ఇంటి దగ్గర గ్రాఫులో వచ్చిన శిఖరం, బావి సంగతితో సహా. ఏళ్ళ తరబడి అలవాటు చేతిలో పాతుకుందని ప్రవర్తనవాదులు అంటారు. ఆవిడకి గీతలు కాదు, నక్షత్రం మొత్తం ఒక్కసారిగా అందిందని జర్మనీవాళ్ళు అంటారు. "వీళ్ళలో ఎవరిది రైటు?" అన్నాడు ఆయన.

"తెలియదండి. మొదటి వర్గంవాళ్ళు మాత్రం అవ్వనే అడగమంటారు."

అడిగాడు. అవ్వ ఆలోచించింది. "ఏమో నాయనా. ఏసేటప్పుడు నేను లోపల చూసుకునేది లేదు. చూసుకుంటే చుక్క తప్పిపోతాది."

"వొలా!" అన్నారు ముస్యే, 'అదిగో చూశారా!' అన్నట్టు ఫ్రెంచిలో, ఆనందం పట్టలేక.

బయటికొచ్చాక ఆయన నన్ను తిట్టలేదు. "ఆ శిఖరం, ఆ బావి ఉన్న గ్రాఫు నాకు ముందే చూపించి ఉంటే, నేను క్లాసు మానేసి పండగ చేసుకునేవాణ్ణి" అన్నారంతే. ఆ మాటకి చెంప చెళ్ళుమన్నట్టు అయింది. తర్వాత నేను పంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ, పుస్తకంలో లేని జవాబు చెప్పిన పిల్లలని ముందు బెంచీలో కూర్చోబెట్టాను.

నాన్న శాఖ పరీక్ష రెండోసారికి గట్టెక్కారు. నా ఫలితాలు గోడ మీద అంటించిన రోజు అవ్వ నన్ను ఒక్కదాన్నీ వెళ్ళనివ్వలేదు, కొట్టుకి వెళ్ళడం మానేసి, మళ్ళీ ఆ పట్టుచీరే కట్టుకుని వెంట వచ్చింది. పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. నా నంబరు మీద వేలు పెట్టాను.

"ఇది నీది. నాది యాడ?" అంది అవ్వ.

"ఇద్దరికీ కలిపి ఇదొక్కటే అవ్వా."

ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసింది. "రొంబ చిన్నగా రాసినారే" అని, ఆ నంబరుని కొనవేలితో తాకి కళ్ళకద్దుకుంది.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. అవ్వ మెట్టు ఎక్కుతూనే కండక్టరుతో తమిళంలో, బస్సంతా వినపడేలా, "నేను పరీక్ష పాసైపోయినా!" అని చెప్పింది. కండక్టరు ఆవిడ తెల్ల జుట్టునీ పట్టుచీరనీ చూసి చేతులు జోడించాడు. ముందు సీట్లో ఒకాయన గబుక్కున లేచాడు. అవ్వ దర్జాగా కూర్చుంది.